గొడుగుల సైట్‌లో ఆకుపచ్చ బటన్

డిజైనర్‌ను కుర్చీలోనే కాల్చి చంపారు. వాళ్ళకు ఖర్చయింది ఒక్క తూటా. నష్టం మాత్రం గూఢచారి డిపార్ట్‌మెంట్ మొత్తానిది.

"అతను చూసుకునే సైట్ ఏంటో తెలుసుగా?" అన్నాడు చీఫ్.

"గొడుగుల షాపు," అన్నాడు ఏజెంట్. వ్యాపారి వేషాల్లో ఆరితేరిన అతన్ని అందరూ షావుకారు అంటారు.

"పైకి షాపే. సరిహద్దు అవతల మనవాళ్ళు నల్ల గొడుగు ఆర్డర్ చేస్తే, వచ్చి తీసుకుపొమ్మని సంకేతం. ఎక్కడికి రావాలో ముందే అనుకున్నదే. బయటి కన్సల్టెంట్‌తో చేయించిన కొత్త డిజైన్ ఇవాళే లైవ్ అయింది. ఏదో తేడా ఉందని మన డిజైనర్ ఫోన్ చేశాడు, చెప్పేలోపే పోయాడు. అంతా వెతికించాను. వైరస్ లేదు."

"సైట్ మూసేయండి."

"మూస్తే అవతల పనిచేస్తున్న మీ చెల్లెలికి దారి లేదు. ఈ పూటే ఆర్డర్ పెడుతుంది."

షావుకారుకు నా అన్నవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే.

పోయిన డిజైనర్‌కు ఒక పద్ధతి ఉండేది. ఏ పేజీ తయారైనా, దాని సంగతి తెలియనివాళ్ళ చేతికి ఫోనిచ్చి, హడావుడి పెట్టి, వేలు ఎటు పోతోందో చూసేవాడు. షావుకారు తన ఫోన్ చీఫ్‌కిచ్చాడు.

"నల్ల గొడుగు కొనండి సార్. త్వరగా! వెనక తరుముతున్నారు!"

చీఫ్ టకటకా నొక్కాడు. "అయిపోయింది. భలే ఈజీగా ఉందే!"

"మీరెక్కడున్నారో చెప్పేశారు."

"నేనా? ఎప్పుడు?"

"పెద్దగా, ఆకుపచ్చగా 'సరే' నొక్కారు చూడండి, అప్పుడే. మీ లొకేషన్ డెలివరీ మ్యాప్ కంపెనీకి పోయింది. అది శత్రువులదే అయ్యుంటుంది. 'వద్దు' కూడా ఉంది సార్, బూడిద మీద బూడిద రంగులో. కంగారులో ఎవడికి కనిపిస్తుంది?"

ఆ కొత్త పేజీ డిజైన్ చేసింది కన్సల్టెంట్ మేడమ్. ఏసీ మెకానిక్ వేషంలో షావుకారు ఆమె గదిలో అడుగుపెట్టాడు. ఆమె లిప్‌స్టిక్‌లా కనిపించే పిస్టల్ ఎత్తింది. అతని రెంచీ ఆమె మణికట్టును విరిచింది.

"డిజైనర్‌ని ఎందుకు చంపావ్?"

"నా పేజీని మరీ శ్రద్ధగా చదివాడు. మంచి డిజైన్ చదవనివ్వదు, నొక్కిస్తుంది." నొప్పితోనే నవ్వింది. "పేజీ మార్చాలంటే నా పాస్‌వర్డ్ కావాలి. చంపుకో, అదీ నాతోనే పోతుంది."

షావుకారు ఆమె లాప్‌టాప్ తెరిచాడు. పాస్‌వర్డ్ గడిలో చుక్కలు అప్పటికే వరసగా ఉన్నాయి. వాడేవాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండకూడదని జీవితమంతా పనిచేసిన మనిషి, తనకూ ఆ ఇబ్బంది లేకుండా చూసుకుంది.

మేడమ్ నవ్వు ఆగిపోయింది.

అతను ఒక్క నొక్కుతో లోపలికి వెళ్ళాడు. అప్పుడే ఎవరో నల్ల గొడుగును బుట్టలో వేశారు. తర్వాత వచ్చేది ఆకుపచ్చ బటనే. దాన్ని తీసేసి 'పబ్లిష్' కొట్టాడు. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆగింది.

ఆర్డర్ అందింది. లొకేషన్ గడి ఖాళీ.

సాయంత్రానికి చెల్లెలు ఇవతలికి చేరింది. ఆమెకంటే ముందు ఆర్డర్ పెట్టిన ఇద్దరు చేరలేదు. దక్కింది ఒకరు, డిజైనర్‌తో కలిపి పోయింది ముగ్గురు. దాన్ని లాభమనడానికి షావుకారుకు నోరు రాలేదు.

"సైట్ ఎలా ఉందమ్మా?" అడిగాడు చీఫ్.

"కొనడం మరీ తేలికయింది సార్," అంది ఆమె. "దాంతోనే భయమేసింది."