ఎర్ర తీగె

ప్రొద్దుటూరు నుంచి దువ్వూరు పోయే దారిలో ఉంది ఆ కోల్డ్ స్టోరేజీ. మే నెల, మిట్టమధ్యాహ్నం. బయట రేకులు పేలిపోయేంత ఎండ. ఒక్క గోడ అవతల పసుపు బస్తాలు, చీకటి, నాలుగు డిగ్రీల చలి.

గోడ ఇవతల, ల్యాప్‌టాప్ ముందు మసరత్ కూచోనుంది. ఐటీఐ చదివిన పిల్ల. లోపలి నుంచి ఎనిమిది జతల తీగెలు గోడలోని బొక్కగుండా వచ్చి ఆమె ముందున్న డేటా లాగర్ పెట్టెలో చేరతాయి. వాటిని థర్మోకపుల్ అంటారు. రెండు వేరువేరు లోహాలు ఒక కొసన కలిస్తే, ఆ కొసకు తగిలిన వేడి అంకెగా మారి తెరమీదికొస్తుంది. రెండు చేతులు కలిస్తే పుట్టే వెచ్చదనం లాంటిదేదో అందులో ఉందని మసరత్‌కు మహా ఇష్టం.

తీగెలు బిగించింది లాల్ బాషా. ఆమె మేనమామ. తండ్రి పోయినాక పెంచినోడు. ముప్పై ఏండ్లు ఇండ్లకు వైరింగు చేసిన చెయ్యి. అన్నీ నాలుగు చూపిస్తాంటే ఆరో నంబరు తీగె డెబ్బై రెండు చూపించేసరికి మసరత్ పకపకా నవ్వింది.

"మామూ! మళ్లా ఎర్రది ప్లస్సులో పెట్టినావా? ఈ తీగెల్లో ఎర్రది మైనస్సని ఎన్నిసార్లు చెప్పల్ల?"

"నోర్ముయ్ మ్మీ. నేను సచ్చినా ఎర్రది ప్లస్సే!"

ఆమే మార్చి బిగించింది. ఆరు కూడా నాలుగుకొచ్చింది. ఇంక పరీక్ష. లాల్ బాషా లోపలికి పోయి ఒక్కో కొసా పిడికిట్లో పట్టుకోవల్ల. అంకె పెరిగితే ఆ తీగె సరైనట్టు.

"బిరీన వచ్చెయ్. డాక్టరు చలికి పోవద్దన్యాడు గదా."

పోయినేడే గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి.

"పది నిమిషాలు మ్మీ."

తలుపు మూసుకునింది. ఎనిమిది పెరిగి దిగింది. ఏడు పెరిగి దిగింది. ఆరు ముప్పై నాలుగు దాకా ఎక్కింది.

కరెంటు పోయింది.

మిషన్ల మోత ఆగిపోయింది. బ్యాటరీ మీద తెర మటుకు వెలుగుతాంది. బొక్కలోంచి పసుపు వాసన, తడి చలి ఆమె చెంపకు తగిలినాయి. ఆరు ముప్పై నాలుగు కాడనే నిలిచిపోయింది. ఎంతకీ దిగలేదు.

"మామూ, యాడుండావు?" బొక్కలోకి గుసగుసగా అడిగింది.

బొక్కలోంచి గొంతు వచ్చింది. మామూదే.

"ఒకటో దాని కాడ... పట్టుకోనుండా."

ఒకటి నాలుగే చూపిస్తాంది.

"గట్టిగా పట్టుకో..."

"పట్టుకోనుండా మ్మీ... నువ్వు ఈడికి రా."

ఒకటి మూడైంది. రెండైంది...

మసరత్ బొక్కకు ఇంకా దగ్గరగా వంగింది. "మామూ... ఎర్ర తీగె ఎందులో పెట్టల్ల?"

ఊపిరి లాంటి చలి. ఆ తర్వాత, బుద్ధిగా...

"మైనస్సులో."

ఆమె లేచింది. గొంతును నమ్మలేదు, అంకెను నమ్మింది. తలుపు లాగి, ఫోన్ లైటుతో ఆరో కొస దిక్కు పరిగెత్తింది. ఒకటో దాని మూలకు లైటు తిప్పలేదు. బస్తాల సందులో లాల్ బాషా బోర్లా పడున్నాడు. రెక్కలు పట్టుకొని బయటికి ఈడ్చుకొచ్చింది. తలుపు మూసింది. గడియ వేసింది.

పెట్టె పక్కనే గోడకు ఆనించి కూచోబెట్టి చేతులు రుద్దింది. ఆయన కండ్లు తెరిచినాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినాయి.

"నన్ను సంపేస్తివి గదా మామూ! చెప్పు, ఎర్ర తీగె ఎందులో?"

ఆయన మెల్లగా నవ్వినాడు.

"మైనస్సులో మ్మీ."

ఆమె రుద్దే చెయ్యి ఆగిపోయింది. ఆ మండే ఎండలో కూడా ఆయన అరచెయ్యి వెచ్చబడలేదు...

తెర చూసింది. ఒకటి నాలుగు. గడియ వేసిన గదిలో ఆరు మటుకు ఇంకా ముప్పై నాలుగు, ఆ కొసను ఎవరో పిడికిట్లో పట్టుకోనున్నట్టు.

ముప్పై ఒకటి.

ఇరవై ఏడు...