గొడుగుల అవ్వ నీలం సంచి

శనివారం ఐదో తరగతి పిల్లలంతా స్కూలు వీధి ఊడుస్తున్నారు. ఎక్కువ చెత్త పోగేసిన జట్టుకి కప్పు ఇస్తామన్నారు టీచరు.

అందరికంటే ముందు తూనీగ పరిగెడుతోంది. ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో పెట్టిన పేరది. పైగా చెత్త బండి నడిపేది వాళ్ళ నాన్నే. ఇక చూడండి ఆ పిల్ల హడావిడి!

"చెత్తేదో నాకు చూడగానే తెలిసిపోతుంది" అని గొప్పలు పోయింది.

మూసేసిన టైలరు షాపు అరుగు మీద అట్టముక్క పరిచి ఉంది. దాని మీద మడతపెట్టిన దుప్పటి, పక్కన పాత నీలం సంచి. దగ్గర్లో ఎవరూ లేరు. తూనీగ సంచి తెచ్చి బండిలో పడేసింది. నాన్న మీట నొక్కాడు. ఇనుప పలక దిగి అంతా నలిపేసింది.

అంతలో నీళ్ళ సీసాతో గొడుగుల అవ్వ వచ్చింది. విరిగిన గొడుగులు బాగుచేసే ఆవిడ. ఆ అరుగు మీదే ఉంటుంది.

"నా సంచేదమ్మా?"

తూనీగ బండి వైపు చూపించింది. "నేనే పడేశా అవ్వా. చెత్తనుకున్నా."

అవ్వ తిట్టలేదు. ఉన్నచోటే కూలబడిపోయింది. "ఇంటికోసం పెట్టుకున్న అర్జీ రసీదు అందులోనే ఉంది. మా అమ్మాయి ఫోటో కూడా. పిల్ల చనిపోయి పన్నెండేళ్ళు. నా దగ్గరున్నది ఆ ఒక్క ఫోటోనే తల్లీ."

నాన్న చెత్తంతా కిందికి కుమ్మరించాడు. తూనీగా, నాన్నా చేతులతో వెతికారు. గొడుగు ఊచలు దొరికాయి. రసీదు సగమే దొరికింది. ఫోటో దొరికింది గానీ, అందులో మొహం చెరిగిపోయింది. తూనీగ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇల్లు లేనివాళ్ళ సామానైనా సరే, ముందుగా నోటీసు ఇవ్వకుండా మునిసిపాలిటీ వాళ్ళం మేం కూడా ముట్టుకోకూడదమ్మా. చట్టం అది" అన్నాడు నాన్న. "నువ్వు తెచ్చావు కదా అని నేను చూడకుండా నొక్కేశా. తప్పు నాది కూడా."

కప్పు ఎవరికొచ్చిందో తూనీగకి పట్టనే లేదు.

సోమవారం స్కూలు అయ్యాక తూనీగా, నాన్నా మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళారు. జరిగింది రాసిచ్చి, సంతకాలు పెట్టారు. గుమాస్తా రిజిస్టరు తిరగేసి కొత్త రసీదు ఇచ్చాడు. "ఇళ్ళ జాబితాలో అవ్వ వరుస ఎక్కడికీ పోలేదు పాపా."

"మరి ఫోటో సార్?" అంది తూనీగ.

ఆయన రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు.

అక్కణ్ణించి తూనీగ టైలరు షాపుకి వెళ్ళింది. అవ్వ అట్టముక్క మీద కూర్చుని గొడుగు కుడుతోంది. ఎప్పుడూ గెంతుకుంటూ వెళ్ళే పిల్ల, అరుగు కిందే ఆగి, చెయ్యి చాచి షట్టరు మీద మెల్లగా తట్టింది.

"అవ్వా, లోపలికి రావచ్చా?"

అవ్వ గొడుగుకి ఇంకో కుట్టు వేసింది. "ఇవాళ వద్దమ్మా" అంది తల ఎత్తకుండా.

తూనీగ పైకి ఎక్కలేదు. రసీదుని అరుగు అంచున పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద చిన్న రాయి ఉంచి వెళ్ళిపోయింది.

మర్నాడు స్కూలు వదలగానే మళ్ళీ వచ్చింది. షట్టరు తట్టి, కిందే నిలబడింది.