గొంతు మింగే గది

ఆ మూడో అంతస్తు చివరి గదిలో ఏ అద్దెవాళ్లూ ఆరు నెలలు నిలవలేదు.

మొదట ఓ ట్యూషన్ మాస్టారు దిగాడు. నాలుగో నెలకి గొంతు బొంగురుపోయింది, ఆరో నెలకి మాటే పడిపోయింది. తర్వాత సంగీతం నేర్పే ఆవిడొకరు. రెండు నెలలకే సామాను సర్దుకుంది. ఎందుకమ్మా అని అడిగితే... చేత్తో సైగ చేసి మెట్లు దిగి వెళ్లిపోయిందట! "ఆ గది గొంతులు మింగుతుందండీ..." అని కింద వాచ్‌మన్ ఎవరు కొత్తగా వచ్చినా చెవిలో ఊదుతాడు. విన్నది విన్నట్టు చెప్తున్నా. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

అలాంటి గదిని ఏరికోరి తీసుకుంది, ఎదురు వాటాలో ఉండే మైకమ్మ.

ఇంట్లో మైకు ముందు కూర్చుని పుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి కంపెనీకి పంపడం ఆవిడ పని. వినేవాళ్లకి ఆ గొంతు వెన్నపూస. ఇంట్లోవాళ్లకి మాత్రం... ఇంట్లో ఉన్నది వాళ్లాయనొక్కడే లెండి. గడియారాలు బాగుచేసే మనిషి, ఉలుకూ పలుకూ ఉండదు. ఆ లోటంతా ఈవిడే తీరుస్తుంది. ఆయన తలుపు తీస్తే తిట్టు, తలుపు వేస్తే తిట్టు.

"దెయ్యముందా? ఉంటే ఓ మూల నోరు మూసుకుని కూర్చోమను. నాకు కావల్సింది రోడ్డు మోత వినబడని గది," అని వాచ్‌మన్‌ని దులిపేసి తాళం తీసుకుంది.

నేను చెప్పబోయే రాత్రయితే దెయ్యాల సంగతి తల్చుకునే తీరికే లేదు. పొద్దున్నే ఆరింటికి ఆసుపత్రిలో ఉండాలి. గొంతులో కణితి. కోసి తీశాక మాట మిగులుతుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. చేతిలో ఉన్న పుస్తకం మొత్తం ఇరవై ఏడు అధ్యాయాలు, అందులో ఇంకా మూడు చదవాలి. తెల్లారేలోగా అవి వెళ్లకపోతే కంపెనీవాళ్లు మొత్తం పుస్తకాన్ని మొదటినుంచీ ఇంకొకరి చేత చదివిస్తారు. ఒక పుస్తకానికి రెండు గొంతులు పనికిరావట! నాలుగు నెలల కష్టం, బహుశా ఇదే ఆఖరి పుస్తకం. దాన్ని ఎవరో వచ్చి తుడిచిపెట్టేస్తారన్న మాట తల్చుకుంటేనే ఆవిడకి ఒళ్లు మండిపోతోంది.

సాయంత్రం కూర్చుంది. నొప్పిని దిగమింగుకుంటూ మూడు అధ్యాయాలూ ఏకబిగిన చదివేసింది. పదకొండున్నరకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది.

గొంతు... లేదు.

అసలే లేదని కాదు. వాక్యం మొదలవుతుంది — మధ్యలో ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోతుంది. మళ్లీ ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు రెండు మాటలు... ఆపైన బుడబుడమని చప్పుడు. కోపంగా చదివిన చోట్లయితే ఒక్క మాటా మిగల్లేదు.

"దిక్కుమాలిన వైరు!" అంది. వైరు పీకి కొత్తది పెట్టి, రెండు వాక్యాలు చదివి విన్నది. అంతే. ఎదురుగా ఉన్న తమ ఇంట్లోకి పరిగెత్తి ఫ్రిజ్ ఆపింది, ఫ్యాను ఆపింది. అంతే. గోడలకి దుప్పట్లు వేలాడదీసింది. మైకుని జానెడు దూరం జరిపింది, మళ్లీ బెత్తెడు దగ్గరికి లాగింది. చెమటలు కారుతున్నాయి, గొంతులో సూదులు గుచ్చుతున్నాయి. ఎన్నిసార్లు చదివినా ఆ గది ఆవిడ మాటని కొరుక్కుతింటూనే ఉంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఈ పనిలో ఓ పద్ధతుంది. చదవడం మొదలెట్టే ముందు పది సెకన్లు ఊపిరి బిగబట్టి కూర్చుని, ఉత్త గదిని రికార్డు చేస్తారు. నిశ్శబ్దమని మనం అనుకుంటాం గానీ, గదికీ ఓ రొద ఉంటుంది. ఆ పది సెకన్లూ కంప్యూటరుకి ఇచ్చి, ఇలాంటి చప్పుడు ఎక్కడ వినబడ్డా తీసెయ్ అంటే, అది చదివినదంతా కడిగి పెడుతుంది. కడగడంలో ఏమేం పోయిందో వినాలంటే, దానికీ ఓ మీట ఉంది.

మైకమ్మ ఆ మీట నొక్కింది.

చెవుల్లో... ఎవరో ఆడమనిషి. మాటలు తెలియడం లేదు. బొంగురుగా, పళ్లు నూరుతూ...

హెడ్‌ఫోన్లు తీసెయ్యబోయింది. అయినా వదిలితే ఆవిడ మైకమ్మ ఎందుకవుతుంది? సాయంత్రం తీసిన పది సెకన్ల ఫైలు తెరిచింది. మూడు అధ్యాయాలకీ, తర్వాత చదివి చూసిన ముక్కలకీ ఆ ఒక్క ఫైలే వాడింది. అందులో ఉండాల్సింది ఉత్త గది. శబ్దం బాగా పెంచింది.

ముందు... టక్ టక్ మని చిన్న చప్పుడు. ఆ వెంటనే — ఎక్కడో దూరాన, గోడకేసి తిరిగి మాట్లాడినట్టు — ఒక గొంతు.

"...పో... గొంతు పోతే... హాయి..."

హెడ్‌ఫోన్లు విసిరికొట్టింది. భయాన్ని మించిన మంట! "ఎవత్తివే నువ్వు?" అని నాలుగు గోడల్నీ చూస్తూ అరిచింది. "ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా నీకు? పొద్దున ఎలాగూ పోయే గొంతు... ఈ ఒక్క రాత్రికి ఉండనివ్వలేవూ! నీ మొహం మండా!" అరుపు సగంలో గరగరమంటూ విరిగిపోయింది.

ఆ అరుపుకి వాళ్లాయన ఎదురింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"దెయ్యం ఉందండీ... నిజంగానే ఉంది," ఆవిడ గుసగుసగా అంది. "నా గొంతు పోతే హాయట దానికి. వినండి!"

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గడియారం చెవికి ఆనించుకునేటప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. ఒకసారి విన్నాడు. మళ్లీ విన్నాడు. మూడోసారి కూడా.

"ఏమంటోంది...?"

"దెయ్యం కాదు."

"మరి?"

"నువ్వే."

"నా గొంతు నాకు తెలీదూ!"

"నీకు తెలిసింది పుస్తకం గొంతు. ఇది నాకు తెలిసిన గొంతు," అన్నాడాయన మెల్లిగా. "సాయంత్రం వేణ్ణీళ్ల ఫ్లాస్కు తెచ్చి తలుపు కొట్టాను కదా. నువ్వు ఇటు తిరిగి, పోండి అవతలికి, నా గొంతు పోతే మీకేగా హాయి అన్నావు. అప్పటికే బొత్తాం నొక్కేసినట్టున్నావు."

మైకమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. నిజమే! కానీ ఆయన్ని తిట్టడం ఆవిడ దృష్టిలో మాట్లాడ్డమే కాదు. ఊపిరి పీల్చడం ఎవరికి గుర్తుంటుంది? పాపం ఆ కంప్యూటరుకి ఇదంతా ఏం తెలుసు? ఈ గొంతే గదిలో రొద అనుకుని, వినబడ్డ చోటల్లా ఏరిపారేసింది.

"కడగక ముందువి ఉన్నాయా, పోయాయా?" అన్నాడాయన.

ఉన్నాయి. కోపంలో ఆవిడకి ఆ సంగతే తట్టలేదు. ఇద్దరూ పక్కపక్కన ఊపిరి బిగబట్టి కూర్చుని కొత్తగా పది సెకన్లు తీశారు. ఈసారి మూడు అధ్యాయాలూ కడిగిన గిన్నెల్లా వచ్చాయి. నాలుగింటికి కంపెనీకి పంపేసింది.

"ఈ దరిద్రాన్ని ముందు తీసిపారేయాలి," అంటూ పాత ఫైలు మీద చెయ్యి వేసింది.

"చెరిపావంటే ఊరుకోను!"

ఉలిక్కిపడింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన అరవగా ఎప్పుడూ వినలేదు. ఆయన ఆవిడ చేతిని పట్టుకుని పక్కకి లాగాడు.

"ఇన్ని పుస్తకాలు చదివావు. అన్నీ ఎవరెవరికో! నాతో మాట్లాడిన మాట ఇంకెక్కడైనా ఉందా, ఇందులో తప్ప? రేపటి నుంచి నేనేం వినాలి? ఆ పుస్తకాలా?"

"అది ఉత్త తిట్టు కదండీ..."

"తిట్టయితే ఏం? నాది!"

ఆవిడకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాంతో ఇంకా కోపం వచ్చింది.

"పది సెకన్లు ఏ మూలకి?" అంది. కుర్చీని మైకు ముందుకి లాక్కుంది, బొత్తాం నొక్కింది. "కూర్చోండి అలా. పెళ్లయిన మర్నాడు నన్ను బస్టాండులో మర్చిపోయి ఒక్కరే బస్సెక్కారే, అక్కణ్నుంచి మొదలెడతాను. మొద్దు మనిషి, మొద్దు మనిషి..."

ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రికి ఆటో వచ్చి కింద హారన్ కొట్టేదాకా ఆవిడ తిడుతూనే ఉంది.