స్కూటర్ చప్పుడు

తెల్లవారుజామున మొగుడు టీ పెట్టి మంచం దగ్గరకు తెచ్చిస్తే ఏ ఆడదైనా మురిసిపోతుంది. పైడితల్లికి మాత్రం గుండె గుభేలుమంది.

"తాగు. అల్లం కొంచెం ఎక్కువైనట్టుంది," అన్నాడు జగ్గారావు. తన గ్లాసు తనే కడుక్కుని, ఆదిత్యపూర్‌లో ఫ్యాక్టరీ డ్యూటీకి బయల్దేరాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "ఎల్లొత్తానే, జాగర్త," అన్నాడు.

జాగ్రత్తట! పెళ్లయ్యాక ఆ నోటి నుంచి ఆ మాట వినడం ఇదే మొదలు. ఇక ఆ టీ గొంతు దిగితేగా.

పొట్టకూటికి వలసొచ్చిన ఆ హిందీ ఊళ్లో, భాలుబాసా పేటలోని ఆ వీధిలో జగ్గారావును ఎరగనివాళ్లు లేరు. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. కానీ ఆ నోరు! క్రేన్ నడిపే మనిషి, మిషన్ల రొదలో అరిచి అరిచి ఇంట్లోనూ అదే గొంతు. కూరలో ఉప్పు తగ్గితే కంచం ఎగిరి గోడకు తగిలేది. అలాంటివాడు వానలు మొదలైనప్పటి నుంచి మారిపోయాడు. మాట మెత్తబడింది. తిన్న కంచం తనే కడుగుతున్నాడు. కూర ఎలా ఉన్నా బాగుందంటున్నాడు. పక్కింటి నూకమ్మకు కుళాయి నీళ్లు మోసి పెడుతున్నాడు. ఏళ్ల తరబడి మాటల్లేని తమ్ముడింటికి మిఠాయి పొట్లం పట్టుకుని తనే వెళ్లొచ్చాడు.

కూతురు సౌజన్యకు ఇదంతా తమాషాగా ఉంది. కాలేజీ పిల్ల, అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. నాన్న ఫోన్లో మంచి అలవాట్ల వీడియోలు చూస్తున్నాడని, ఒక్కొక్కటే మొదలుపెడుతున్నాడని చెప్పి, "అచ్ఛా హీ హై నా, అమ్మా," మంచిదేగా అని నవ్వేసింది.

పైడితల్లికి నవ్వు రాలేదు. నూకమ్మ చెప్పిన మాట ఆమె మనసులో ముల్లులా దిగబడిపోయింది. నూకమ్మ మొగుడూ ఇలాగే ఉన్నట్టుండి అందరితో మంచిగా అయిపోయాడట. ఎన్నడూ లేనిది పెళ్లాన్ని బజారుకు తీసుకెళ్లి చీర కొన్నాడట. లోపల రోగం ముదిరిందని డాక్టరు చెప్పిన సంగతి ఇంట్లో దాచి, నెల తిరక్కుండానే పోయాడట. "ఆరిపోయే దీపానికి ఎలుగెక్కువ, తల్లీ. నీ మనిషిని ఓపాలి పెద్ద డాక్టరుకి సూపించు," అంది ఆవిడ కళ్లొత్తుకుంటూ.

ఆ రోజు నుంచి పైడితల్లికి కంటి మీద కునుకు లేదు. అతను దగ్గితే ఉలిక్కిపడేది. మారు అన్నం వద్దంటే చెమటలు పట్టేవి. ఆస్పత్రికి వెళ్దాం రమ్మంటే, గుండ్రాయిలా ఉన్నానని నవ్వేవాడు. ఆ నవ్వే ఆమెను మరీ చంపేది. ఆ మనిషి ఎప్పుడు నవ్వాడు గనక! అరిచినన్నాళ్లూ ఆ నోరు మూతపడితే చాలని అమ్మవారు పైడమ్మ తల్లికి మొక్కుకుంది. ఇప్పుడేమో, ఒక్కసారి అరువయ్యా, ఆ కంచం విసురు, నా ప్రాణం కుదుటపడుతుంది అని లోలోపల బతిమాలుకుంటోంది.

టీ తెచ్చిచ్చిన ఆ రోజే మధ్యాహ్నం సాక్చి బజారులో కూరలు కొని ఆటో దిగేసరికి, వీధి మలుపులో కిరాణా కొట్టు పక్కన తమ స్కూటర్ కనిపించింది. మనిషి లేడు. ఇల్లు కూతవేటు దూరంలో ఉండగా బండి ఇక్కడెందుకు వదిలాడు? కళ్లు తిరిగాయా? కొట్టువాణ్ని అడిగితే, రోజూ బండి ఇక్కడే పెట్టి నడిచి వెళ్తాడని, కాసేపటికి తిరిగొచ్చి తీసుకెళ్తాడని హిందీలో చెప్పాడు.

పైడితల్లి పరుగులాంటి నడకతో సందు తిరిగింది. తమ ఇంటి కిటికీ కింద జగ్గారావు గోడకు తల ఆనించి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి గుండెల మీద ఉంది. చెంపలు తడిగా ఉన్నాయి.

కూరల సంచి జారిపోయింది. వెళ్లి రెండు చేతులా అతని చొక్కా పట్టుకుంది. "ఏటైందయ్యా? నొప్పా? నాకు సెప్పకుండా ఏ రోగం దాత్తన్నావు? నీ మంచితనం సూత్తంటే నా పేణాలు పోతన్నాయి."

అతను ఉలిక్కిపడి పెదవుల మీద వేలు పెట్టాడు. లోపల సౌజన్య ఫోన్లో ఎవరో స్నేహితురాలితో మాట్లాడుతూ పగలబడి నవ్వుతోంది. నెమ్మదిగా మాట్లాడు, లేకపోతే దాని నవ్వు ఆగిపోతుంది అన్నాడు.

పైడితల్లికి ఏమీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. వానలు మొదలైన కొత్తలో ఒకరోజు బండి చెడిపోయి ఆటో దిగి నడిచొచ్చాడు. గుమ్మం దాకా వచ్చేసరికి లోపల నవ్వులు, ఆ నవ్వుల మధ్య ఒక పాట. ఎవరో చుట్టాలు వచ్చారనుకున్నాడు.

"తీరా సూత్తే నువ్వు. వరి ఊడుపుల పాట, మీ అమ్మ పాడేది. ఇన్నేళ్లూ ఒక్క ఇంట్లో ఉన్నాం, నువ్వు పాడతావని నాకు తెల్దే." అరచేత్తో చెంపలు తుడుచుకున్నాడు. "నాను తలుపు తట్టినాను. అంతే, అన్నీ ఆపీసినారు. పిల్ల పుస్తకం తీసీసింది. నువ్వు పులొచ్చినట్టు సూసినావు నన్ను."

అవును, స్కూటర్ చప్పుడు వినపడగానే టీవీ కట్టెయ్యడం, నవ్వు మింగెయ్యడం, గిన్నెలు సర్దినట్టు నటించడం. అది భయమని పైడితల్లి ఏనాడూ అనుకోలేదు. పళ్లు తోముకోవడం లాగే అదీ ఆ ఇంట్లో ఒక అలవాటు.

"రోగం లేదే నాకు. ఉన్న రోగం ఈ నోరే, కొంచెం కొంచెం మానుకుంటన్నాను," అన్నాడు. "బండి సప్పుడైతే మీరు ఆపీత్తారని, ఇక్కడ కాసేపు ఇని వత్తన్నాను."

రోగం లేదన్న మాటకు ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి, మెట్టు మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఇన్నాళ్ల బెంగ ఒక్కటే కాదు, పెళ్లినాటి నుంచి మింగిన భయమంతా కట్ట తెగినట్టు బయటకు వచ్చింది. జగ్గారావు ఆమెను ఊరుకోమనలేదు. కింద కూర్చుని, దొర్లిపోయిన టమాటాలు ఏరుతూ ఉండిపోయాడు.

చివరికి ఆమె ముక్కు చీదుకుని లేచింది. "ఎల్లి బండి తెచ్చుకో. దొంగలాగ ఈ గోడ కింద ఏటి? మన ఇంటికి ఇంటోడిలా రా."

లోపలికి వెళ్లి కత్తిపీట ముందు కూర్చుంది. కాసేపటికి వీధిలో స్కూటర్ చప్పుడైంది. టక్కున సౌజన్య నవ్వు ఆగింది, ఫోన్ దిండు కిందికి పోయింది. పైడితల్లి చెయ్యీ అలవాటుగా గిన్నెల మీదికి పోయింది. అన్నీ తెలిసినా పోయింది. అన్నేళ్ల అలవాటు ఒక్క పూటలో పోతుందా?

"నవ్వు ఆపకే," అంది కూతురితో. పిల్ల తెల్లబోయి చూసింది. పైడితల్లి గొంతు పెగల్చుకుని ఊడుపుల పాట ఎత్తుకుంది. మొదటి మాట సగంలోనే విరిగింది. మళ్లీ మొదలుపెట్టింది.

బయట ఇంజన్ ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆమె తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది, భయపడుతూనే. పాట మాత్రం ఆపలేదు.