రెండు దెబ్బల నాణెం

తామ్రగిరి రాజ్యంలో అన్నీ ఉన్నాయి, నాణేలు కొట్టే చప్పుడు తప్ప. ఆరేళ్ళుగా అక్కడి టంకశాల మూగబోయింది. అందులో ముద్ర వేసిన మొట్టమొదటి బంగారు నాణేన్ని పట్టుగుడ్డలో చుట్టి పూజించేవారు. దాన్ని విప్పి చూసినవారెవరూ లేరు. ఒకనాడు అది మాయమైంది. టంకశాలను కాపాడే యక్షుడికి ఒళ్ళు మండి, అధికారి సింగనాచారినీ, ఆయన పనివాళ్ళనూ రాళ్ళుగా మార్చేశాడు.

"ఆ నాణెం ఇతని అరచేతిలో పెడితే అందరూ లేస్తారు. నకిలీది పెట్టారో, పొడి పొడి అయిపోతారు!" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంకేం, నాణేలు తెచ్చేవాళ్ళు బారులు తీరారు. అందరివీ అసలైనవేనట! ఏది పెట్టడానికీ రాజుకు ధైర్యం చాలలేదు.

సింగనాచారి కూతురు పేరిందేవి రోజూ పొద్దున్నే వచ్చి తండ్రి రాతి అరచేతిని తుడిచేది. "నాన్నా" అని పిలిచి, జవాబు రాదని తెలిసీ కాసేపు నిలబడేది. ఆయన గొంతు మరిచిపోతున్నానేమోనన్న బెంగ పట్టుకున్న రోజున, ఆయన గీటురాయినీ, చిన్న త్రాసునూ, తూకానికి గురివింద గింజలనూ మూటగట్టుకుని, అసలు నాణేన్ని వెతుకుతూ అడవిదారి పట్టింది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు.

మూడు రోజులు నడిచాక ఏటి ఒడ్డున ఒక ముని ఎదురై, ఆమె వచ్చిన పని అడిగి తెలుసుకున్నాడు.

"నల్లకొండ గుహలో ఒక భూతముంది తల్లీ. మెరిసేదల్లా ఎత్తుకుపోవడం దాని జబ్బు. బతిమాలకు, ఏడవకు. ఏడుపు చూస్తే దానికి మహా సరదా" అన్నాడు.

పేరిందేవి కళ్ళు తుడుచుకుని గుహలోకి వెళ్ళింది. భూతం ఆమె ముందు తామ్రగిరి నెమలి ముద్ర ఉన్న మూడు నాణేలు పరిచింది.

"ఒక్కటి పట్టుకుపో. అసలుదో కాదో నేను చెప్పను. మీ నాన్నే చెబుతాడులే!" అని పకపక నవ్వింది.

పేరిందేవి మొదటి నాణేన్ని గీటురాయి మీద ఒరసింది. గీత ఎర్రగా పడింది. రాగి కలిసిందని పక్కన పెట్టేసింది. మిగిలిన రెండూ మేలిమి బంగారమే. గురివింద గింజలతో తూస్తే రెండూ ఒకే బరువు తూగాయి. రాతి మీద వేస్తే రెండూ ఒకేలా మోగాయి. ఒకదాని మీద నెమలి ఎంతో అందంగా ఉంది. రెండోదాని మీద నెమలికి రెండు తోకలున్నట్టు గీతలు చెదిరిపోయాయి.

"పిచ్చిపిల్లా, ఆ వంకర నెమలికి ఎవరైనా పూజ చేస్తారా?" అంది భూతం.

నిజమే కదా అనుకుని అందమైన నాణెం వైపు చెయ్యి చాచబోయి, పేరిందేవి ఆగిపోయింది. తన ఐదో ఏట కొత్త అచ్చు తయారైన రోజు గుర్తొచ్చింది. కొత్త అచ్చు మీద తొలి దెబ్బ ఇంటి బిడ్డ చేత కొట్టించడం టంకశాల పుట్టినప్పటి నుంచీ వాళ్ళ ఆచారం. సుత్తి బరువుకు ఆమె చెయ్యి వణికి, ముద్ర సరిగ్గా పడలేదు. తండ్రి ఆమె చేతి మీద తన చెయ్యి వేసి, అదే బంగారం మీద మళ్ళీ కొట్టించాడు. రెండో ముద్ర వెంట్రుకవాసి పక్కకు పడింది.

"వణకనీ తల్లీ. పైన నా చెయ్యుందిగా" అన్నాడు.

పేరిందేవి రెండు తోకల నెమలిని పిడికిట్లో బిగించి వెనుదిరిగింది. భూతం నవ్వు మూడు రోజుల దారిలోనూ ఆమె చెవుల్లో మోగుతూనే ఉంది.

టంకశాలలో రాజు ఆ నాణెం చూసి నిలువునా నీరుగారిపోయాడు. "ఇది చెడిపోయిన నాణెమమ్మా! వద్దు!"

"కాదు ప్రభూ. ఎప్పుడో తొలి అచ్చు మీద మా ఇంటి బిడ్డ కొట్టిన దెబ్బ ఇది" అంది పేరిందేవి. చెప్పిందే గానీ, నాణెం రాతి అరచేతిలో పెడుతుంటే ఆమె చెయ్యి గజగజ వణికింది.

ఫెళ్ళుమని రాయి చిట్లిన చప్పుడైంది. పేరిందేవి కళ్ళు మూసుకుంది. ఆమె చేతి మీద వెచ్చగా మరో చెయ్యి పడింది.

"ఇంకా వణుకుతోందా తల్లీ?"

ఆ గొంతు ఆమె మరిచిపోలేదు. ఇసుమంతైనా మరిచిపోలేదు.

చుట్టూ పనివాళ్ళంతా ఒక్కొక్కరే లేచారు. తండ్రి సంతోషంగా సరేననగా, ఆ రోజే రాజు పేరిందేవిని టంకశాలకు అధికారిణిని చేశాడు. సాయంత్రానికి తామ్రగిరి వీధుల్లో సుత్తి చప్పుడు మళ్ళీ వినిపించింది, ముందు ఒక మెత్తని దెబ్బ, వెంటనే ఒక గట్టి దెబ్బ.