శుక్రవారం ముసలమ్మ

నా పేరు చెలో. మెక్సికో నగరంలో మా టీవీ స్టూడియోలో నటులకు మాటలు అందించడం నా పని. వాళ్ళ చెవిలో చిన్న యంత్రం ఉంటుంది, దాన్ని మేం బఠాణీ అంటాం. అద్దాల గదిలో కూర్చుని నేను గుసగుసగా చెబుతుంటాను: "ఏడువు... ఇటు తిరుగు... ఇప్పుడు నిజం చెప్పు." నేను చెప్పందే వాళ్ళు రెప్ప కూడా వెయ్యరు.

మా సీరియల్లో జనానికి పిచ్చెక్కించింది ఆస్పత్రి మంచంమీది ముసలమ్మ. ప్రతి శుక్రవారం చివర్లో కళ్ళు తెరిచి, మనవరాలి అసలు తండ్రెవరో చెప్పబోతుంది. అంతే, ఎపిసోడ్ అయిపోతుంది. సోమవారం మళ్ళీ స్పృహ తప్పుతుంది. ఆ ఒక్క పేరు కోసం ఊళ్ళకు ఊళ్ళే టీవీలకు అతుక్కుపోయాయి.

ఆ వేషం వేసే డోన్యా హెర్మీనియాకి నిజంగానే గుండె జబ్బు. ఒకరోజు మేకప్ గదిలో నా చెయ్యి పట్టుకుంది.

"చెలో తల్లీ, కథలో ఆ ముసల్దాన్ని చంపెయ్యమని నిర్మాతతో చెప్పవే. హలాపా ఊళ్ళో మా చెల్లెలి దగ్గర పడుంటాను. నేనడిగితే నాటకాలాడుతున్నానంటాడు."

వెళ్ళాను. నిర్మాత డాన్ ఆక్తావియో నన్ను సగంలోనే ఆపేశాడు. "ముసల్ది చస్తే మన సీరియల్ని ఎవడు చూస్తాడు? దాంతోపాటే నీ ఉద్యోగమూ కాటికి పోతుంది." జబ్బు సంగతి చెప్పకుండానే వచ్చేశాను. పిరికిదాన్ని.

ఆ వారమే షూటింగులో "ఊపిరి పీల్చు" అన్నాను. ఆవిడ పీల్చలేదు. "అద్భుతం!" అన్నాడు నిర్మాత. అందరం చప్పట్లు కొట్టాం. చచ్చిపోయిన మనిషికి చప్పట్లు కొట్టాం.

సమాధిమీద పూలు వాడకముందే ఆ వేషానికి నోయెమీ అనే అమ్మాయిని పిలిపించారు. మొహానికి ఆక్సిజన్ ముసుగు తగిలిస్తే ఎవరికి తెలుస్తుంది?

ఆ సాయంత్రం సెట్లో దీపాలు తగ్గించారు. ఎప్పుడూ కొత్త రంగు వాసన కొట్టే చోట, డోన్యా హెర్మీనియా మోకాళ్ళకు రాసుకునే కర్పూరం వాసన గుప్పుమంది. అప్పటికే మంచంలో ఎవరో పడుకుని ఉన్నారు. "ఊపిరి పీల్చు," అన్నాను. ముసుగుమీద ఆవిరి పట్టింది.

నా వెనక తలుపు తెరుచుకుంది. సగం వేషంతో, చేతిలో కొరికిన రొట్టెతో నోయెమీ.

"నన్నింకా పిలవరేం?"

ముసుగులోంచి గరగరమంటూ గొంతు...

"చెలో తల్లీ... నువ్వు చెప్పందే ఎలా పోతానే? పొమ్మని చెప్పు..."

ఒక్క మాట. "పో" అంటే చాలు. నోరు తెరిచాను. భుజంమీద డాన్ ఆక్తావియో చెయ్యి పడింది. ఆయన చూపు మాత్రం మానిటర్‌మీదే.

"కెమెరా ఆపొద్దు," అని గొణిగాడు. "కళ్ళు తెరవమను."

చెప్పాను. దేవుడు నన్ను క్షమించడు... చెప్పాను.

శుక్రవారం ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని చూశాను. ఆవిడ కళ్ళు తెరిచింది. పేర్లు పడ్డాయి, పాట అయిపోయింది. ఆవిడ మాత్రం తెరమీదే ఉంది, నేను కూర్చున్న మూలకేసి చూస్తూ.

"వార్తలు రావాలి కదే," అంది అమ్మ. "ఈవిడ పోదేం?"

రిమోట్ తీసుకుని ఛానల్ మార్చింది.

అక్కడా ఆవిడే...