కోటబొమ్మాళిలో ఆగిన కారు

సర్దిపెట్టిన సూట్‌కేసును సునీల్ మంచం మీద బోర్లించేసరికి ఇందు ఒళ్లు మండిపోయింది.

నిజానికి అతన్ని పిలిచిన పని వేరు. ఇందు తండ్రి నారాయణమూర్తికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది. మాస్కు పెట్టుకుని, గాలి పంపే చిన్న మెషీన్ వేసుకోకుండా పడుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇప్పుడు ఇందు, తల్లిదండ్రులు ముగ్గురూ మలేషియాలో ఉన్న ఇందు పిన్ని ఇంటికి వెళుతున్నారు. అక్కడి ప్లగ్గుల్లో ఆ మెషీన్ పనిచేస్తుందా అన్నది అనుమానం. పక్కవీధి సునీల్ పలాస కరెంటాఫీసులో ఇంజినీరు కాబట్టి కబురు పెట్టారు.

ఓల్టేజీ ఇక్కడిలాంటిదేననీ, పిన్నులే వేరనీ చెప్పి, ఏ దేశపు ప్లగ్గుకైనా సరిపడే అడాప్టర్ తెచ్చానని చూపించాడు. అంతటితో ఊరుకోకుండా సూట్‌కేసు మీద పడ్డాడు.

"పవర్ బ్యాంకులు ఇందులో ఎయ్యకూడదు. సేతిబ్యాగులో ఉండాల."

"అడిగి తియ్యొచ్చు కదా బావా. నా బట్టలన్నీ పోసీసినావు."

"బట్టల మద్దెన దాసింది నువ్వే కదేటి."

ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే జీడితోటల్లో తగువులాడుకుంటూ పెరిగారు. ఇప్పుడామె టెక్కలిలో బ్యాంకు ఉద్యోగి అయినా ఆ తగువు మానలేదు.

అంతలో ఇందు తల్లి సరోజిని టీ తెచ్చింది. పిన్ని ఒక సంబంధం చూసిందనీ, అబ్బాయి అక్కడే ఉద్యోగమనీ, పనిలో పనిగా చూసి వస్తామనీ చెప్పింది. సునీల్ "మంచిదే అత్తా" అన్నాడు. ఇందు తలెత్తకుండా చీరలు మడత పెట్టుకుంది. అతను అడాప్టర్‌తో మెషీన్‌ని ప్లగ్గులో పెట్టి చూసి, సంచిలో సర్ది, టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే విశాఖ ఎయిర్‌పోర్టుకి కారు బయల్దేరాక, మొక్కలకి నీళ్లు పోద్దామని సునీల్ వాళ్లు అప్పగించిన తాళంతో ఆ ఇల్లు తెరిచాడు. పడకగదిలో అడాప్టర్ గోడకే ఉంది. దానికి మెషీన్ కేబుల్ వేలాడుతోంది.

వెంటనే ఇందుకి ఫోన్ చేశాడు. కారు టెక్కలి దాటేసింది. వెనక్కి తిరిగితే విమానం తప్పేలా ఉంది. ఒక్క రాత్రికి ఫర్వాలేదని నారాయణమూర్తి అన్నాడు గాని సరోజిని ఒప్పుకోలేదు. కోటబొమ్మాళిలో ఆగమని చెప్పి సునీల్ బండి తీశాడు. దారంతా వాన.

అతను వచ్చేసరికి ఇందు హైవే పక్కన టీ బడ్డీ దగ్గర గొడుగుతో నిలబడి ఉంది. అడాప్టర్‌తో సహా కేబుల్ అందుకుని అతని ముఖంలోకి చూసింది.

"నువ్విలాటివి మర్సిపోయే మనిషివి కాదు. ఏటయింది?"

"అత్త సంబంధం మాట సెప్పింది కదా. ఆ తరవాత నా సేతులు ఏటి సర్దినాయో నాకు తెలీదు."

"మరి మంచిదే అన్నావు."

"ఇంకేటనాల? నువ్వు తలొంచుకుని బట్టలు మడతెట్టుకుంతన్నావు."

"నువ్వు కాదంటావేమోనని సెవులప్పగించి ఇంతన్నాను బావా."

ఆ మాట అనేసి ఆమె కారు దగ్గరికి నడిచింది. కిటికీలోంచి కేబుల్ తండ్రికిచ్చి, ఊరు చూడ్డానికైతే వస్తాననీ, పెళ్లికొడుకుని చూడ్డానికి మాత్రం రాననీ నిదానంగా చెప్పింది. కారణం అడగబోయి సరోజిని, వానలో ముద్దయి నిలబడ్డ సునీల్‌ని చూసి ఆగిపోయింది. చెల్లెలికేం చెప్పాలి అని మాత్రం గొణిగింది.

"మీ సెల్లికి నేను సెప్తాను" అన్నాడు నారాయణమూర్తి. కేబుల్ చుట్ట చుట్టి తన చేతిబ్యాగులోనే పెట్టుకున్నాడు. తర్వాత సునీల్‌ని దగ్గరికి పిలిచాడు. "మేం తిరిగొచ్చీక మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని ఇంటికి రా. కూకుని మాటాడుకుందాం."

సునీల్ "అలాగే మావయ్యా" అన్నాడు.

ఇందు గొడుగు అతని చేతిలో పెట్టింది. బండి మీద గొడుగేం చేసుకోనని అతను అడిగాడు.

"వాన తగ్గేదాకా ఇక్కడే ఉండు. టీ తాగి ఎల్లు."

కారు వెళ్లిపోయింది. వాన చాలాసేపు తగ్గలేదు. అతనికీ తొందర లేదు.